నాలుగు మాటల తాత వేషం

ఈ వారం ఉత్తరం విజయనగరం నుంచి ఒక తల్లి రాసినది. ఎనిమిది పేజీలు, రెండు వైపులా. పేరు, వీధి వేయవద్దన్నారు, వేయడం లేదు. అంతా అచ్చు వేయడానికి చోటు చాలదు కాబట్టి సారాంశం చెబుతాను.

ఆవిడకు 39 ఏళ్ళు. భర్తకు స్టీలు సామాన్ల దుకాణం ఉంది. ఇంట్లో అత్తమామలు, పదమూడేళ్ళ కూతురు. అమ్మాయి బాగానే చదువుతుంది కానీ నోరు విప్పదు. తరగతిలో లేచి జవాబు చెప్పమంటే తెలిసినది కూడా గొంతు దాటి రాదు. తొమ్మిదిలోకి వెళ్ళే లోపల ఆ బెరుకు పోగొట్టాలని, వేసవి సెలవుల్లో ముప్పై రోజుల నాటక శిక్షణ శిబిరంలో 3,500 రూపాయలు కట్టి చేర్పించారు. ఎండ ముదరకముందే, పొద్దున ఏడు నుంచి పది దాకా తరగతులు.

"మొదటి పది రోజులు ఒక్క డైలాగు నేర్పలేదు. కుక్కల్లా మొరగమన్నారట. నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి ఊపిరి పీల్చమన్నారట. ఇద్దరిద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి, ఒకరు చెయ్యి ఎత్తితే రెండోవాళ్ళు అద్దంలో బొమ్మలా ఎత్తాలట. ఇందుకా మేము డబ్బు కట్టింది?" అని అడుగుతున్నారు.

తరువాత వేషాలు పంచారు. ముప్పావుగంట రాకుమారి కథ. రాకుమారి వేషం ఒక అధికారి గారి అమ్మాయికి వచ్చింది. ఈవిడ కూతురికి అరుగు మీద కూర్చునే ముసలి తాత వేషం. నాటకమంతా అక్కడే కూర్చోవాలి, మాటలు మాత్రం నాలుగు. "ఆడపిల్లకు మీసాలు పెడతారట. రాకుమారి మాటలన్నీ ఆ కాగితాల్లో చదివి చదివి నాకే కంఠతా వచ్చేశాయి. మా అమ్మాయి ఎందుకు చెప్పలేదు?" ఆవిడ శిబిరానికి వెళ్ళి పిల్లలందరి ముందే మాస్టారిని నిలదీశారు. మాటా మాటా పెరిగింది. చివరకు ఆయన, "మీకంత ఆసక్తి ఉంటే జూన్‌లో పెద్దవాళ్ళకు సాయంత్రం తరగతులు పెడుతున్నాం, వచ్చి చేరండి" అన్నారట. పిల్లలు నవ్వారు. ఆ పూట కూతురు అన్నం తినలేదు. అప్పటి నుంచి తల్లితో అన్న మాట ఒక్కటే: "ప్రదర్శనకు నువ్వు రావద్దు." ప్రదర్శన ఇంకా తొమ్మిది రోజులుంది.

ఇంకో ఫిర్యాదు కూడా ఉంది. "పిల్లకు ఏమైందో తెలియడం లేదు. మధ్యాహ్నం అందరం నడుం వాలిస్తే, ఇది వెళ్ళి వాళ్ళ తాతయ్య మంచం పక్కన కూర్చుని ఆయన్నే కళ్ళార్పకుండా చూస్తోంది. ఎందుకంటే చెప్పదు."

భర్త మాన్పించేయమంటున్నారు. ఆవిడ మేనమామకు నిర్వాహకులు బాగా తెలుసు. ఒక్క ఫోను చేస్తే వేషం మారుతుందని ఆయన ధీమా. మాన్పించాలా, ఫోను చేయించాలా అని ప్రశ్న. ఉత్తరం అయిపోయాక, అంచున చిన్న అక్షరాలతో నాలుగు వరసలు ఉన్నాయి. ఇంటర్ రెండో సంవత్సరంలో కాలేజీ వార్షికోత్సవానికి కన్యాశుల్కంలో ఒక రంగం వేస్తూ ఆవిడకు మధురవాణి వేషం ఇచ్చారు. నెల రోజులు రిహార్సల్స్ చేశారు. రెండు రోజుల ముందు పెదనాన్న గారు వీల్లేదన్నారు. అప్పటికే వేషం కోసం కాలేజీలో ఇచ్చిన అమ్మ పట్టుచీర కట్టుకుని ఇంకో అమ్మాయి ఆ వేషం వేసింది. "నేను వెనక వరసలో కూర్చుని చూశాను. ఈ సంగతి ఇక్కడ అవసరం లేదు, ఎందుకో రాయాలనిపించింది" అని ముగించారు.

అమ్మా,

ముందు ఆ మొరగడం సంగతి తేల్చేద్దాం. మీ కోపం మొదలైంది అక్కడే కదా.

వంటగదిలో ఎవరూ లేనప్పుడు ఒక పని చేయండి. అరచెయ్యి పక్కటెముకల కింద, బొడ్డుకు కాస్త పైన ఆనించి, ఒక్కసారి గట్టిగా మొరగండి. నవ్వకండి, నేను చేసి చూసే రాస్తున్నాను. చేతి కింద పొట్ట లోపలి నుంచి తన్నినట్టు కదులుతుంది. నటులకు మాట పుట్టవలసిన చోటు అదే. మెడ నరాలు బిగించి అరిచే పిల్లకు పావుగంటలో గొంతు బొంగురుపోతుంది. పొట్టలోంచి ఊపిరి తోసి మాట్లాడే పిల్ల మామూలుగా అన్న మాట కూడా చివరి బెంచీ దాకా వెళ్తుంది. ఈ సంగతి బోర్డు మీద రాసి చెబితే పదమూడేళ్ళ పిల్లకు ఎక్కదు, మొరగమంటే ఎక్కుతుంది. వెల్లకిలా పడుకోబెట్టడమూ అందుకే. నిలబడి గట్టిగా ఊపిరి తీయమంటే పిల్లలు భుజాలు ఎగరేస్తారు. పడుకుంటే భుజాలు ఎగరవు, ఊపిరి తనంతట తనే కిందికి దిగుతుంది.

నోరు విప్పని పిల్లకు దానివల్ల ఇంకో మేలు ఉంది. నలుగురూ తననే చూస్తారన్నదే ఆ పిల్ల భయం. పదిహేను ఇరవై మంది ఒకేసారి కుక్కలైపోయినప్పుడు ఎవరు ఎవరిని చూస్తారు? మీ ఇంట్లో ఇన్నేళ్ళుగా "గట్టిగా మాట్లాడవే" అని చెప్పి ఉంటారు, ఫలితం లేకపోయింది. అక్కడ ఎవరూ ఆ మాట అనకుండానే ఆ పిల్ల నోటి నుంచి గట్టి శబ్దం రప్పించారు.

ఆ అద్దం ఆట గురించి నా కథ ఒకటి చెప్పాలి. నేను తెలుగు పాఠాలు చెప్పుకుంటూ, సెలవులన్నీ నాటకాల పాలు చేసినదాన్ని. వయసులో ఉన్నప్పుడు శ్రీకాకుళం దగ్గర ఒక ఊళ్ళో అమ్మవారి సంబరాలకు నాటకం వేశాం. నాకు వదిన వేషం. నా మాటలు నిద్రలో లేపినా చెప్పగలను. మరిది వేషం కట్టిన ఆయన లోపలికి వచ్చి "నాన్నకు ఒళ్ళు కాలిపోతోంది వదినా" అనాలి, నేను "పొద్దుటికి తగ్గిపోతుందిలే" అనాలి. ఆయన కంగారులో ఒక పేజీ దాటేసి, "నాన్న పోయారు వదినా" అన్నాడు. నేను ఏ మాత్రం తడుముకోకుండా, "పొద్దుటికి తగ్గిపోతుందిలే" అన్నాను. ఆ తరువాత పది నిమిషాలు జనం నవ్వుతూనే ఉన్నారు. ఏడవాల్సిన రంగం అది. నాకు మాటలు వచ్చాయి కానీ ఎదుటివాళ్ళు ఏమంటున్నారో వినడం రాలేదు. అద్దం ఆట ఆడించేది ఆ వినడం, చూడడం అలవాటు కావడానికే. చెయ్యి ఎత్తే వాళ్ళ మీద నుంచి కళ్ళు తిప్పితే ఆట చెడుతుంది. డైలాగులు ముందే చేతికిస్తే పిల్లలు నాలా తయారవుతారు.

మనకు నాటకం అంటే మాట అన్న అలవాటు బలంగా ఉంది. పద్యం ఎత్తుకుని, రాగం లాగి, వన్స్‌మోర్ కొట్టించుకున్న వాళ్ళ వారసులం కదా. నాట్యశాస్త్రం మాత్రం అభినయాన్ని నాలుగుగా చెప్పింది: ఒంటి కదలికలతో చేసే ఆంగికం, మాటతో చేసే వాచికం, వేషధారణతో చేసే ఆహార్యం, లోపలి భావం పైకి తెలిసే సాత్త్వికం. మాట అందులో ఒక పాలు.

అలాగని శిబిరాలన్నింటినీ వెనకేసుకు రావడం లేదు. వేసవి వచ్చిందంటే ముప్పై రోజుల్లో నటులను చేస్తామనే వాళ్ళూ పుట్టుకొస్తారు. మీరు డైలాగులు ఎందుకు చెప్పలేదని పోట్లాడారు గానీ, అడగవలసినవి వేరే ఉన్నాయి. ఆడపిల్లలు దుస్తులు మార్చుకునే గదికి తలుపు, లోపల గడియ ఉన్నాయా? రిహార్సల్స్ అప్పుడు పెద్దావిడ ఎవరైనా ఉంటారా? పిల్లల మీద చెయ్యి చేసుకోవడం, అందరి ముందు ఎగతాళి చేయడం జరుగుతోందా? వాళ్ళు తీసే వీడియోలు ఎక్కడ పెడుతున్నారు? సినిమా అవకాశం అంటూ ఇంకో పదివేలు అడుగుతున్నారా? వీటిలో ఏ ఒక్కదానికి జవాబు తేడాగా వచ్చినా తొమ్మిది రోజులు కాదు కదా, తొమ్మిది నిమిషాలు కూడా ఆగకుండా పిల్లను ఇంటికి తెచ్చుకోండి. అలాంటిది ఏదీ మీ ఎనిమిది పేజీల్లో కనబడలేదు. అందుకని మిగతా విషయానికి వస్తున్నాను.

వేషం. అధికారి గారి అమ్మాయికి రాకుమారి వేషం పలుకుబడితో వచ్చిందని మీ అనుమానం. అయి ఉండవచ్చు. పెద్ద చందా ఇచ్చినాయన కొడుకు ఏటా శ్రీకృష్ణుడైపోవడం నేనూ చూశాను, పాపం ఆ అబ్బాయికి వేణువు ఎటు పక్క పట్టుకోవాలో కూడా ఎవరూ చెప్పేవారు కాదు. అయినా, ఆ పిల్లకు రాకుమారి ఎందుకు వచ్చిందన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, మీ అమ్మాయికి తాత ఎందుకు వచ్చాడో చూద్దాం.

నాటకమంతా అరుగు మీద కూర్చోవాలని మీరే రాశారు. అంటే ముప్పావుగంట రంగం మీద ఉండేది మీ అమ్మాయే. రాకుమారి నాలుగు మాటలు చెప్పి రంగం పక్కన చాటుగా ఉండే వింగులోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి వస్తుంది. అరుగు మీది తాతకు ఆ వీలు లేదు. ముక్కు దురద పెట్టినా తాతలాగే గోక్కోవాలి. కథలో ఎవరు ఏమన్నా వినాలి, విన్నట్టు ముఖంలో తెలియాలి, కానీ వాళ్ళ మీదికి పోకూడదు. ఆ తాత తల తిప్పి వీధి మలుపు వైపు చూస్తే హాలంతా అటే చూస్తుంది. తాత ఆవులిస్తే నాటకం చచ్చిపోతుంది. ఇంత బరువు మోసే వేషాన్ని తెలివైన మాస్టారు ఎవరూ కదలకుండా కూర్చోలేని పిల్ల చేతిలో పెట్టరు. రోజూ మాట్లాడే పిల్లలకు మాట్లాడకుండా ఉండడం చేతకాదు. మీ అమ్మాయికి అది పుట్టుకతో వచ్చింది. ఇన్నాళ్ళూ లోపమని మీరు బాధపడ్డ దాన్ని ఆయన పనికొచ్చే చోట కూర్చోబెట్టాడు.

ఇక మధ్యాహ్నాల సంగతి. అమ్మా, మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివింది ఆ భాగమే. పిల్లకు ఏమీ కాలేదు. పాఠం చదువుకుంటోంది. మీ మామగారు మంచం మీద నుంచి ఎలా లేస్తారో మీరెప్పుడైనా చూశారా? ఆ వయసు వాళ్ళు ఒక్క ఊపులో లేవరు. ముందు ఒక కాలు కిందికి దింపి, చెప్పు కోసం వేళ్ళతో వెతుకుతారు. రెండు చేతులూ మోకాళ్ళ మీద మోపుతారు. కాసేపు అలాగే ఉంటారు, ఎందుకు లేస్తున్నామో గుర్తు తెచ్చుకుంటున్నట్టు. అప్పుడు లేస్తారు. నడుం నిలబడ్డాక తల నిలబడుతుంది. ఇవన్నీ ఏ కాగితంలోనూ ఉండవు. చూసే పిల్లకు దొరుకుతాయి. ఇంట్లో అందరూ పడుకున్నప్పుడు, ఎవరూ చెప్పకుండా, నాలుగు మాటల వేషం కోసం అంత ఎండలో మేలుకుని కూర్చున్న పిల్లను మాన్పించాలా అని నన్ను అడుగుతున్నారు మీరు.

మీసాల గురించి బెంగ వద్దు. మగవాళ్ళు ఆడవేషం కట్టడం, ఆడవాళ్ళు మగవేషం కట్టడం మన రంగస్థలానికి కొత్త ఏమీ కాదు. స్థానం నరసింహారావు గారు స్త్రీ పాత్రలతోనే పేరు గడించారు. మీకు తెలిసిన కన్యాశుల్కంలోనే కరటకశాస్త్రి శిష్యుడు ఆడపిల్ల వేషం కట్టి పెళ్ళి పీటల మీద కూర్చోలేదూ? ఒక్క మాట మాత్రం మాస్టారికి చెప్పండి: జిగురుతో అంటించే మీసం మే నెల చెమటకు సగంలో ఊడి వేలాడుతుంది, పిల్ల చర్మం కందుతుంది. పెన్సిలుతో గీస్తే చాలు.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

మాన్పించవచ్చు. మీ పిల్ల, మీ ఇష్టం. కానీ రిహార్సల్స్‌లో ఎవరు ఎక్కడ నిలబడాలో అన్నీ ఆ అరుగు చుట్టూ కుదిరి ఉంటాయి. తాత లేచిపోతే ఆ తొమ్మిది రోజుల్లో అంతా మళ్ళీ మొదలుపెట్టాలి. దాన్ని వాళ్ళు ఎలాగో సర్దుకుంటారు. మీ అమ్మాయి సర్దుకోవడం కష్టం. బడి తెరిచాక ఆ పిల్లలే సగం మంది ఎదురుపడతారు. అన్నింటికన్నా, పని మొదలుపెట్టి బాగా చేస్తున్నా పెద్దవాళ్ళకు కోపం వస్తే మధ్యలో లేచి వచ్చేయాల్సిందేనని ఆ పిల్లకు తెలిసిపోతుంది. మీకు పదిహేడేళ్ళప్పుడు తెలిసింది, తనకు పదమూడుకే తెలుస్తుంది.

మీ మేనమామ గారితో ఫోను చేయించవచ్చు. పని జరుగుతుందనే అనుకుందాం. అప్పుడు నోరు విప్పని పిల్ల చేతిలో తొమ్మిది రోజుల ముందు రాకుమారి మాటలన్నీ పెడతారు. మీకు అవి కంఠతా వచ్చు, తనకు రావు, తను కోరనూ లేదు. మీ ఉత్తరమంతా వెతికాను, "నాకు రాకుమారి కావాలి" అని మీ అమ్మాయి అన్నట్టు ఎక్కడా లేదు. ఆ రోజు తెర లేచాక గొంతు పెగలకపోతే, ఇంతకాలం తరగతి గదిలో ముప్పై మంది ముందు జరిగింది హాలు నిండా జనం ముందు జరుగుతుంది. అది ఒక సంగతి. రెండోది చెప్పడానికి నాకు మనసు రావడం లేదు కానీ చెప్పక తప్పదు. ఆ అధికారి గారి అమ్మాయి ఉంది చూశారా, పది రోజులుగా ఆ వేషం రిహార్సల్ చేస్తోంది. దుస్తులు కూడా కొలత ఇచ్చి ఉంటుంది. ఎవరో పెద్దాయన ఫోను చేశాడని, రోజుల ముందు, ఆ పిల్లను పక్కకు తప్పించి, ఆ దుస్తులు ఇంకో పిల్లకు తొడుగుతారు. తను వెనక వరసలో కూర్చుని చూస్తుంది. ఈ కథ మీకు తెలిసినదే.

లేదంటే, వేషాన్ని అలాగే వదిలేయవచ్చు. ఇది తేలికగా కనబడుతుంది కానీ మీకు అన్నింటిలోకీ కష్టం ఇదే. ఇరుగుపొరుగు "మీ అమ్మాయిది ఏ వేషం?" అని అడిగితే "తాత" అని చెప్పి, ఆ తరువాత ఏమీ కలపకుండా ఆగాలి. మీ అమ్మాయి బెరుకు ఈ ముప్పై రోజులతో పోతుందన్న హామీ కూడా లేదు. జూన్‌లో తరగతిలో లేచి మళ్ళీ మౌనంగానే నిలబడవచ్చు. అప్పుడు "3,500 పోశాం" అని ఇంట్లో అనకుండా ఉండగలరా, అది ఇప్పుడే చూసుకోండి.

మీ వారు ఇది దేనికి పనికొస్తుంది అంటున్నారు. దుకాణం నడిపే మనిషికి ఆ ప్రశ్న అడిగే హక్కు ఉంది. నటన చదువుగా కావాలంటే దానికీ చోట్లున్నాయి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల శాఖ ఉంది. ఢిల్లీలో 1959లో పెట్టిన జాతీయ నాటక పాఠశాలలో మూడేళ్ళ కోర్సు ఉంది, డిగ్రీ అయ్యాకే తీసుకుంటారు. కానీ పదమూడేళ్ళ పిల్ల విషయంలో ఆ లెక్కలు ఇప్పుడెందుకు? ఆయనతో ఒక్కటి చెప్పి చూడండి: కొట్టుకు వచ్చిన మనిషి కొనడానికి వచ్చాడా, ఊరికే ధర అడగడానికి వచ్చాడా అన్నది ఆయన మొహం చూసి చెప్పగలరు కదా. మీ అమ్మాయి ఇప్పుడు నేర్చుకుంటున్నదీ అలాంటి చూపే.

అమ్మాయి మౌనం గురించి. "రావద్దు" అన్నది నాటకానికి మిమ్మల్ని రావద్దని అనుకోకండి. మళ్ళీ అలా అందరి ముందు రావద్దని. మీరు ఆ రోజు పోట్లాడింది తన కోసమే, కాదనను. కానీ ఎవరూ చూడకుండా ఉండాలని కోరుకునే పిల్ల మీద పదిహేను ఇరవై జతల కళ్ళు పడేలా చేశారు. దీనికి క్షమాపణ చెప్పాలి. ఎలా అన్నది మీరు తేల్చుకోవాలి. మాస్టారిని ఒంటరిగా కలిసి చెబితే మీకు గౌరవంగా ఉంటుంది, కానీ పిల్లకు తెలియదు, పిల్లలెవరికీ తెలియదు. పోట్లాట అందరి ముందు జరిగింది కాబట్టి అందరి ముందే చెబితే లెక్క సరిపోతుంది. అయితే మళ్ళీ మీ రాకతో శిబిరం ఆగి మీ వైపు చూస్తుంది, మీ అమ్మాయి మళ్ళీ తల దించుకుంటుంది. నన్నడిగితే ముందు పిల్లనే అడగండి: "మాస్టారికి సారీ చెప్పాలనుకుంటున్నాను. వచ్చి చెప్పనా, చీటీ రాసి నీ చేతికి ఇవ్వనా?" అని. తను ఏదంటే అది. చీటీ అంటే రెండు వరసలు చాలు, ఎనిమిది పేజీలు వద్దు.

ప్రదర్శనకు వెళ్ళాలా అని కూడా అప్పుడే అడగకండి. ఒకటి రెండు రోజులు ఆగండి. వద్దంటే వెళ్ళకండి, వాళ్ళ నాన్ననూ తాతయ్యనూ పంపండి. రమ్మంటే వెళ్ళి మధ్యలో ఎక్కడో కూర్చోండి. చెయ్యి ఊపవద్దు. తను మాట మరిచిపోయినా పెదవులు కదిపి అందించవద్దు, దానికి వింగులో మనిషి ఉంటారు.

ఇక ఆ సాయంత్రం తరగతులు. అవమానించాడా, నిజంగా పిలిచాడా అని అడిగారు. ఆ క్షణంలో అవమానించడానికే అని ఉంటాడు, కోపంలో ఉన్నాడు కదా. కానీ కోపంలో అన్నా నిజమైన తరగతులే అవి. జూన్‌లో తలుపు తీసి ఉంటుంది. ముప్పావుగంట నాటకంలో కూతురికి లేని వేషం మాటలన్నీ కంఠతా పట్టిన మనిషిని చూస్తే నేనైనా అదే అంటాను, కాస్త మెత్తగా.

మీది మామూలు ఊరు కాదు. గురజాడ వారి నాటకంలో మొదటి తెర లేచేది మీ బొంకుల దిబ్బ మీద. 1892లో దాన్ని మొదటిసారి ఆడింది మీ ఊళ్ళోనే. ఆ ఊళ్ళో మధురవాణి వేషం చేతికందాక పోగొట్టుకుని, ఇరవై రెండేళ్ళు ఎవరికీ చెప్పకుండా ఉండి, చివరికి ఉత్తరం అంచున రాశారు. అవసరం లేదన్నారు. నాకు అలా అనిపించలేదు.

చేరితే ఇంట్లో ఏమంటారో మీకు తెలుసు, నాకన్నా బాగా తెలుసు. సాయంత్రం పూట వంట ఎవరు చూస్తారన్న దగ్గర మొదలవుతుంది, "ఈ వయసులో" అన్న దగ్గరకు వస్తుంది. వయసు మాటకు జవాబు మీ పక్క జిల్లాలోనే ఉంది. శ్రీకాకుళం జిల్లా లుకలాంలో పుట్టిన జె.వి. సోమయాజులు గారు రెవెన్యూ శాఖలో డిప్యూటీ కలెక్టరు దాకా ఉద్యోగం చేసుకుంటూ, తమ్ముడు రమణమూర్తి గారితో కలిసి కన్యాశుల్కం ఆడుతూ వచ్చారు. 1980లో శంకరాభరణం సినిమా ఆయన్ని ఊరూరా తెలిసేలా చేసేసరికి ఆయనకు యాభై దాటింది. మగవారు కాబట్టి చెల్లింది అంటారా? అనండి, ఆ మాటలో నిజం ఉంది. సోమయాజులు గారిని వంట ఎవరు చూస్తారని ఎవరూ అడిగి ఉండరు. అందుకే చేరమని గట్టిగా చెప్పలేకపోతున్నాను. వారానికి ఎన్ని సాయంత్రాలో కనుక్కోండి. రోజూ అయితే ఇల్లు ఒప్పుకోదు, మీరు పది రోజుల్లో మానేస్తారు, ఈసారి పెదనాన్న గారి మీద వేయడానికి కూడా ఉండదు. రెండు మూడు పూటలైతే కుదరవచ్చు. అమ్మాయి శిబిరం ముగిశాకే చేరండి, ఒకే గదిలో ఇద్దరూ వద్దు. చేరకపోయినా ఫరవాలేదు. ఆ మాటలు మీకు ఇప్పటికీ వచ్చి ఉంటే, ఏదో ఒక మధ్యాహ్నం తలుపు వేసుకుని మధురవాణి మాటలు ఒకసారి పైకి చెప్పి చూసుకోండి. గట్టిగా చెప్పండి, పొట్టలోంచి.

చివరగా మీరు మధ్యలో ఎక్కడో రాసిన చిన్న ప్రశ్న. తాత వేషానికి పంచె, తువ్వాలు ఇంటి నుంచి తెమ్మన్నారని, దుకాణంలో కొత్తవి కొనబోతున్నానని రాశారు. కొనకండి. కొత్త పంచె గంజితో బిరుసుగా నిలబడుతుంది, అరుగు మీద కూర్చుంటే డబ్బాలా ఉబ్బుతుంది. ఉతికి ఉతికి మెత్తబడ్డ పంచె కావాలి. మీ మామగారి దగ్గర ఉంటుంది. మీరు అడిగి తీసిపెట్టవద్దు, అమ్మాయినే వెళ్ళి అడగనివ్వండి. ఎందుకమ్మా అని ఆయన అడుగుతారు, అప్పుడు తను చెప్పాల్సి వస్తుంది. కట్టుకోవడం కూడా ఆయనే నేర్పుతారు. తువ్వాలు మాత్రం మీదే ఏదైనా పాతది ఇవ్వండి, పెద్దవాళ్ళు తమ తువ్వాలు ఒక పట్టాన వదలరు.